ముక్కూమొహం తెలియనివారికి సాయం: మీకు అందినది, మీరు చేసినది

మూడో అంతస్తు (చర్చ ప్రారంభించినవారు):
అందరికీ నమస్కారం. ప్రాణాలకు తెగించి ఇంకొకరిని కాపాడినవారి కథలు వార్తల్లో వస్తూనే ఉంటాయి. ఇక్కడ అవి వద్దు. వార్త కాలేనంత చిన్నవి చెప్పండి. మీ పేరైనా అడగకుండా ఎవరో చేసి వెళ్లిపోయిన పని, లేదా మీరు ఎవరికో చేసినది. దానితోపాటు నాదో సందేహం. సాయం చేయాలని మనసులో అనిపించాక కూడా చాలామంది ఎందుకు ఆగిపోతారు? మనుషుల్లో మంచితనం తగ్గిపోయిందని మాత్రం దయచేసి చెప్పకండి. ఆ మాట ప్రతి తరమూ తర్వాతి తరం గురించి అంటున్నదే.

చివరి సీటు:
నాది ఆసుపత్రి సంగతి. నాన్నగారిని లోపలికి తీసుకెళ్లారు. నేను బయట కుర్చీల వరుసలో కూర్చున్నాను. లేచి వెళితే అదే సమయానికి పేరు పిలుస్తారేమోనని భయం. పక్కన ఒక పెద్దావిడ ఊలు అల్లుకుంటున్నారు. చాలాసేపటి వరకు మాటామంతీ లేదు. తర్వాత అల్లిక ఆపకుండానే, "లోపలున్నవారి పేరేమిటి?" అని అడిగారు. చెప్పాను. "పిలిస్తే నేను వచ్చి చెబుతాను. వెళ్లి మొహం కడుక్కుని రా, నాయనా" అన్నారు. నేను తిరిగొచ్చేసరికి నా కుర్చీ మీద ఆవిడ చేతిసంచి ఉంది, ఇంకెవరూ కూర్చోకుండా. నన్ను చూసి సంచి తీసి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. ధైర్యం చెప్పలేదు, దేవుడున్నాడనలేదు. అలాంటి మాటలు ఆ రాత్రి ఫోన్లో చాలామంది చెప్పారు, ఒక్కటీ గుర్తు లేదు. ఆ సంచి రంగు మాత్రం ఇప్పటికీ చెప్పగలను.

పరుగుపందెం:
నాది ఇంకా చిన్నది. లిఫ్టు పనిచేయని రైల్వే స్టేషన్, చంకలో బిడ్డ, చేతిలో బిడ్డను కూర్చోబెట్టే మడత బండి. వెనకనుంచి ఎవరో బండి ముందు చక్రాలు పట్టుకుని నాతోపాటు మెట్లెక్కారు. పైకి వెళ్లాక నేను ఇటు తిరిగేలోపు జనంలో కలిసిపోయారు. వారి మొహం కూడా చూడలేదు.

గళ్ల నోట్‌బుక్:
మూడో అంతస్తు గారి సందేహం మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు యాభై ఏళ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతి హత్యకు గురయ్యారు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని ఒక పెద్ద పత్రిక రాసింది. దాంతో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు మొదలుపెట్టారు. 1968 నాటి ప్రయోగంలో విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడించారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు తనకొక్కరికే వినిపిస్తోందనుకున్నవారిలో 85 శాతం మంది వెంటనే లేచి సాయం కోసం వెళ్లారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవారిలో వెళ్లినది 31 శాతమే. వారు రాతిగుండె మనుషులేమీ కారు. చాలామంది చేతులు వణుకుతూ కంగారుగా కనిపించారని పరిశోధకులే రాశారు. "ఎవరో ఒకరు వెళ్లి ఉంటారులే" అనే ఆలోచన కాళ్లకు అడ్డం పడింది.

తొందర ఇంకో కారణం. 1973లో డార్లీ, డేనియల్ బ్యాట్సన్ కలిసి మతవిద్య చదివే విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. వారు ప్రసంగం చేయడానికి ఇంకో భవనానికి వెళ్లాలి. దారిలో ఒకతను గోడవారన కూలబడి దగ్గుతుంటాడు. తీరిక ఉన్నవారిలో 63 శాతం మంది ఆగారు. "ఆలస్యమైపోయింది, పరుగెత్తండి" అని చెప్పి పంపినవారిలో 10 శాతం మందే ఆగారు. కొందరు వెళ్తున్నది దారిలో పడి ఉన్న అపరిచితుడికి సాయం చేసిన మనిషి కథ గురించే ప్రసంగించడానికి!

అడ్డుప్రశ్న:
గదిలో కూర్చోబెట్టి మైకుల్లో వినిపిస్తే బయటి వీధి సంగతి ఎలా తెలుస్తుంది? నిజమైన గొడవ ఎదురుగా జరుగుతుంటే మనుషులు ఏం చేస్తారో చెప్పండి. ఇంకో మాట. ఆ 38 మంది కథ కూడా అంత నమ్మదగినది కాదని ఎక్కడో చదివాను. తప్పుడు వార్త మీద కట్టిన సిద్ధాంతాన్ని పట్టుకుని లోకమంతా చేతులు కట్టుకుని నిలబడుతుందని తేల్చేస్తే ఎలా?

గళ్ల నోట్‌బుక్:
రెండూ సరైన ప్రశ్నలే, అడ్డుప్రశ్న గారూ. ఆ వార్తలో అతిశయోక్తి ఉందని దాన్ని వేసిన పత్రికే 2016లో ఒప్పుకుంది. హత్య మొత్తాన్ని 38 మంది కళ్లారా చూడలేదు. పొరుగున ఉండే ఒక స్త్రీ కిందికి దిగివచ్చి, హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడో లేదో తెలియకుండానే, అంబులెన్స్ వచ్చేవరకు ఆమెను చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు. ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాలు ఆ 38 అంకెను చెప్పాయి గానీ ఆవిడ ఊసెత్తలేదు.

ఇక వీధి సంగతి. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. 91 శాతం గొడవల్లో చూస్తున్నవారిలో కనీసం ఒకరు కలగజేసుకున్నారు. చుట్టూ జనం ఎక్కువగా ఉన్నకొద్దీ ఎవరో ఒకరు ముందుకు వచ్చే అవకాశం పెరిగింది. ఒక్కో మనిషి వెనకాడినా గుంపులో ఎవరో ఒకరు కదులుతారు.

తెల్లకర్ర:
నాకు చూపు లేదు. ఫోను చదివి వినిపిస్తుంటే విని, నోటితో చెప్పి రాస్తున్నాను. సాయం చేయడానికి ఎందుకు ముందుకు రారని మీరంతా మాట్లాడుతున్నారు. నా బాధ వేరు. ముందుకు వచ్చేవారు మరీ ఎక్కువ!

రోడ్డు పక్కన స్నేహితుడి కోసం నిలబడతాను. ఎవరో వచ్చి భుజం పట్టుకుని, మాటైనా అడగకుండా, అవతలికి దాటించి, దీవించి వెళ్లిపోతారు. ఇప్పుడు నేను వెనక్కి దాటడానికి ఇంకొకరిని వెతుక్కోవాలి. ఇది ఒకసారి జరిగిన జోక్ కాదు, చూపులేనివారిలో ఎవరిని అడిగినా ఇదే కథ చెబుతారు.

కాబట్టి పద్ధతి చెబుతాను, వినండి. ముందు మాట, తర్వాత చేయి. "సాయం కావాలా?" అని అడగండి. అవునంటే మీ మోచేయి అందివ్వండి. దాని పైభాగాన్ని మేము పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తాం. మీ భుజం కదలికను బట్టి మెట్టు వచ్చిందో మలుపు వచ్చిందో మాకు తెలిసిపోతుంది. మా చేయి మీరు పట్టుకుని లాగితే ఏమీ తెలియదు, తూలి పడతాం. కర్రను మాత్రం అసలు పట్టుకోకండి. దారి ఎదుట ఏముందో మాకు చెప్పేది అదే.

మెట్లు వస్తే ఎక్కేవా, దిగేవా అన్నది చెప్పండి. "జాగ్రత్త!" అని అరిస్తే ఏ వైపు జాగ్రత్తపడాలో తెలియక బిగుసుకుపోతాం. "అదిగో అక్కడ" అనేది మాకు చిరునామా కాదు. "ఎడమ వైపు నాలుగడుగులు" అంటే అర్థమవుతుంది. కుర్చీ చూపించాలంటే మా చేతిని కుర్చీ వీపు మీద పెడితే చాలు, కూర్చోవడం మాకు వచ్చు. వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. లేకపోతే ఖాళీ గాలితో మాట్లాడుతూ నిలబడాలి, చూసేవాళ్లకు అదో వినోదం. తోడు కుక్క ఉన్నవారిని చూస్తే, దాని మీద పట్టీ ఉన్నంతసేపు నిమరకండి, పిలవకండి. అది పనిలో ఉంది.

మూడో అంతస్తు:
అడిగితే నొచ్చుకుంటారేమోనని చాలామంది భయపడతారు కదా, తెల్లకర్ర గారూ?

తెల్లకర్ర:
అడిగితే నొచ్చుకోను. వద్దన్నాక కూడా పట్టుకుంటే నొచ్చుకుంటాను. చక్రాల కుర్చీలో తిరిగే నా మిత్రుడిదీ ఇదే మాట. వెనకనుంచి చెప్పకుండా కుర్చీ తోస్తే అతని వేళ్లు చక్రంలో ఇరుక్కుంటాయి. తోసినవారు మాత్రం పుణ్యం చేశామనే తృప్తితో ఇంటికి వెళతారు.

రాత్రి డ్యూటీ:
నేను నర్సును. గళ్ల నోట్‌బుక్ గారు చెప్పిన "ఎవరో ఒకరు వెళ్లి ఉంటారులే" అన్నదానికి మా శిక్షణలో ఒక మందు నేర్పుతారు. గుంపును చూసి "ఎవరైనా అంబులెన్స్‌కు ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు, లేదా అందరూ చేస్తారు. ఒకరిని వేలితో చూపించి, "నీలం చొక్కా వేసుకున్న మీరు, ఫోన్ చేయండి. చేసి వచ్చి నాకు చెప్పండి" అనాలి. పని ఒకరి పేరున పడిందంటే ఆ మనిషి కదిలి తీరతారు.

ఎవరైనా మూర్ఛతో పడిపోతే చేయాల్సింది చాలా తక్కువ. మన జనం చేయకూడనివే ఎక్కువ చేస్తారు. ముందు గడియారం చూసుకోండి. చుట్టుపక్కల తగిలేవి, గుచ్చుకునేవి పక్కకు తీసేయండి. తలకింద మెత్తనిది ఏదైనా పెట్టండి. మెడ దగ్గర బిగుతుగా ఉన్నది వదులు చేయండి. కొట్టుకుంటున్న కాళ్లూ చేతులూ గట్టిగా అదిమిపట్టకండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు, ఏదీ పెట్టకండి. నాలుక మింగేస్తారన్నది ఉత్త భయం. కుదుపు ఆగగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టకండి. ఐదు నిమిషాలు దాటినా, తేరుకోకుండానే మళ్లీ వచ్చినా, దెబ్బ తగిలినా, పడినవారు గర్భిణి అయినా అంబులెన్స్ పిలవాలి. చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లోనే ఆగిపోతుంది.

తర్వాతి పని ఎవరూ చెప్పరు. తెలివి వచ్చినప్పుడు ఆ మనిషికి తానెక్కడున్నదీ తెలియదు, చుట్టూ పాతిక మొహాలు. కొన్నిసార్లు బట్టలు తడిసి ఉంటాయి. గుంపును పంపేసి, పైన ఒక దుప్పటో తువ్వాలో కప్పి, "మీకు మూర్ఛ వచ్చింది, ఇప్పుడు బాగానే ఉన్నారు, నేను ఇక్కడే ఉంటాను" అని నెమ్మదిగా చెప్పేవారు ఒక్కరుంటే చాలు. దీనికి నర్సు చదువు అక్కర్లేదు.

వానాకాలం:
ఇంతసేపూ సాయం చేసేవారి వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఒంటరిగా ఉన్న ఆడదానికి చీకట్లో ఒక కొత్త మనిషి "సాయం కావాలా?" అని ఎదురొస్తే ముందు వచ్చేది కృతజ్ఞత కాదు, భయం. అతను ఎంత మంచివాడైనా సరే.

ఒకసారి వానలో రాత్రిపూట నా బండి ఆగిపోయింది. ఒక జంట కారు కొంచెం ముందుకు పోనిచ్చి, వీధి దీపం కింద ఆపారు. ఆయన దిగలేదు. ఆవిడ అద్దం దించి, అక్కడినుంచే, "మీవాళ్లకు ఫోన్ చేశారా? వాళ్లు వచ్చేవరకు మేం ఇక్కడే ఉంటాం, మీరు మా దగ్గరికి రానక్కర్లేదు" అన్నారు. మా అన్నయ్య వచ్చాక దీపాలు ఒకసారి వెలిగించి ఆర్పి వెళ్లిపోయారు. కారెక్కమని అడిగి ఉంటే నేను ఎక్కేదాన్ని కాను, వద్దనడానికీ భయపడేదాన్ని. ఎదుటివారు తమను నమ్మాల్సిన అవసరమే లేకుండా సాయం చేశారు చూడండి, ఆ తెలివి నాకు నచ్చింది.

మగవారికి విన్నపం: దూరం ఉంచండి, వెలుగులో నిలబడండి, దారికి అడ్డంగా ఉండకండి. మీ ఫోను ఇవ్వడమో, దగ్గర్లో ఉన్న ఇంకో ఆడమనిషిని పిలవడమో చేయండి. వద్దంటే ఎందుకని అడగకండి.

అడ్డుప్రశ్న:
వానాకాలం గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, నాకది అరుదు. ఇప్పుడు నా అసలు కోపం. ఈ వీడియో దాతల సంగతేమిటి? ఎవరో దిక్కులేనివారికి కంబళి కప్పుతారు. పక్కన ఇంకొకరు కెమెరా పట్టుకుంటారు. వెనక విషాద సంగీతం. కప్పించుకున్న మనిషి మొహం లక్షల మంది చూస్తారు. ఆ మనిషిని అడిగారా? చలిలో వణికేవారు కంబళి కోసం దేనికైనా తలూపుతారు, దాన్ని ఒప్పుకోవడం అనరు.

చివరి సీటు:
కోపం సరే. కానీ కంబళి నిజమే కదా? కెమెరా లేకపోతే అతను ఇచ్చేవాడే కాడేమో. చలిలో ఉన్నవారికి ఇచ్చినవారి ఉద్దేశంతో పనేమిటి?

అడ్డుప్రశ్న:
మొహం చూపించకుండా తీయవచ్చు. చేతులు తీయవచ్చు. ఇచ్చేవాడి మొహమైతే ప్రతిసారీ చక్కగా కనిపిస్తూనే ఉంటుంది!

రాత్రి డ్యూటీ:
ప్రమాద స్థలాల్లో ఫోన్లు పైకెత్తేవారిని నేను రోజూ చూస్తున్నాను. ఈ విషయంలో నా ఓటు అడ్డుప్రశ్న గారికే.

చివరి సీటు:
నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఇక్కడితో వదిలేద్దాం.

పరుగుపందెం:
వేరే సంగతి. దారిలో పర్సు దొరికితే ఏం చేస్తారు? జనం నిజంగా తిరిగి ఇస్తారంటారా?

గళ్ల నోట్‌బుక్:
ఇస్తారు, అదీ మనం అనుకునేదానికి తలకిందులుగా. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇది. 40 దేశాల్లోని 355 నగరాల్లో 17,000కు పైగా పర్సులను బ్యాంకులు, హోటళ్లు, పోలీసు స్టేషన్ల వంటి చోట్ల బల్ల దగ్గరున్నవారికి ఇచ్చి, "ఇది బయట దొరికింది, మీరే చూసుకోండి" అని వెళ్లిపోయారు. డబ్బు లేని పర్సుల విషయంలో సొంతదారుకు కబురు పెట్టినవారు 40 శాతం. డబ్బున్న వాటి విషయంలో 51 శాతం. మూడు దేశాల్లో ఇంకా ఎక్కువ డబ్బు పెట్టి చూస్తే అది 72 శాతానికి పెరిగింది. ఇలా జరుగుతుందని ఆర్థికవేత్తలు కూడా ఊహించలేదు. డబ్బు పెరిగితే ఆశ పెరుగుతుందనుకుంటాం. దొంగ అనిపించుకోవడం, అదీ తన కళ్లకు తానే, అంతకంటే పెద్ద భారమని పరిశోధకుల వివరణ. ఇంకో ముక్క: కొన్ని పర్సుల్లో తాళంచెవి పెట్టారు. అది దొరికినవారికి ఎందుకూ కొరగాదు, పోయినవారికే కావాలి. ఆ పర్సులు ఇంకా ఎక్కువగా తిరిగొచ్చాయి.

నిర్వాహకులు:
ఒక మనవి. దొరికిన గుర్తింపు కార్డుల ఫొటోలను ఈ వేదికలో గానీ బయట గానీ పెట్టకండి. పర్సు దొరికిందని మాత్రమే చెప్పి, లోపల ఏముందో వచ్చినవారినే అడగండి. సరిగ్గా చెప్పినవారికి అప్పగించండి, లేదా పోలీసులకు ఇవ్వండి.

పరుగుపందెం:
అడిగే విషయం కూడా చెప్పాలి. ఫోను చచ్చిపోయి ఒక్క కాల్ చేసుకోవాల్సి వస్తే, ఎవరినీ అడగలేక నడిచి వెళ్లిపోయేవారిని చూశాను. అడిగితే కాదంటారని వారికి గట్టి నమ్మకం.

గళ్ల నోట్‌బుక్:
ఆ నమ్మకాన్నీ కొలిచారు. 2008లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ చేసిన ప్రయోగంలో, పాల్గొన్నవారు దారిన పోయే కొత్తవారితో ప్రశ్నపత్రాలు నింపించాలి. దాదాపు 20 మందిని అడిగితే గానీ సరిపడా దొరకరని అనుకున్నారు. అందులో సగం మందిని అడిగేసరికే పని అయిపోయింది. ఎదుటి మనిషికి "కాదు" అని మొహం మీద చెప్పడం ఎంత ఇబ్బందో అడిగేవారికి గుర్తుండదు.

ఇచ్చేవారి అంచనా కూడా ఇలాగే తప్పుతుంది. షికాగోలో ఒక స్కేటింగ్ మైదానం దగ్గర కొందరు తమకు దక్కిన వేడి పానీయాన్ని కొత్తవారికి ఇచ్చేశారు. "ఇదేమంత పెద్ద విషయం" అని ఇచ్చినవారు అనుకున్నారు. పుచ్చుకున్నవారు వారి అంచనాకు మించి సంతోషించారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో దీన్ని ప్రచురించారు. ఇచ్చేవారు వస్తువు విలువే చూస్తారు. పుచ్చుకునేవారికి అడగకుండా ఎవరో తలచుకున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

వానాకాలం:
పుచ్చుకోవడంలో ఇంకో తిప్పలుంది. కొందరు వెంటనే డబ్బు తీసి ఇవ్వబోతారు. ఎదుటివారి మొహం చిన్నబోతుంది. "మీరు రాకపోతే నేను ఇంకా అక్కడే ఉండేదాన్ని" అని జరిగినది జరిగినట్టు చెబితే సరిపోతుంది.

రాత్రి డ్యూటీ:
ముక్కూమొహం తెలియనివారి సాయం అంటే నాకు రోజూ కనిపించేది రక్తం సంచీ. ఒక్కసారి ఇచ్చేది దాదాపు 450 మిల్లీలీటర్లు. ఎర్రకణాలు 42 రోజుల వరకు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు వారానికి మించి ఆగవు. అందుకే ఎప్పుడో ఒకరోజు వందమంది రావడం కంటే వారానికి కొందరు రావడం మాకు మేలు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయనకు 14 ఏళ్ల వయసులో ఛాతీకి పెద్ద ఆపరేషన్ జరిగి, ఎవరెవరో ఇచ్చిన రక్తం ఎక్కించారు. 18 నిండగానే తానూ ఇవ్వడం మొదలుపెట్టి 2018లో 81 ఏళ్లు వచ్చేదాకా 1,173 సార్లు రక్తం, ప్లాస్మా ఇచ్చారు. తల్లీబిడ్డల రక్తం పొసగనప్పుడు బిడ్డను కాపాడే మందుకు కావాల్సిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఆయన ప్లాస్మాలో ఉండేవి. 2025లో కన్నుమూశారు. ఇంత ఇచ్చినాయనకు సూది అంటే భయమట, గుచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకునేవారట.

మూడో అంతస్తు:
ఇంకొక్కటి అడగాలి. రైల్లో ఎదురుగా కూర్చున్న మనిషి నిశ్శబ్దంగా ఏడుస్తుంటే పలకరించాలా, చూడనట్టు ఉండాలా?

రాత్రి డ్యూటీ:
"ఎందుకు ఏడుస్తున్నారు?" అని మాత్రం అడగకండి. "నీళ్లు కావాలా?" అనండి. మాట్లాడాలనిపిస్తే వారే మొదలుపెడతారు.

తెల్లకర్ర:
నాకైతే ఏడుపు వినిపిస్తుంది, చూడనట్టు ఉండటం కుదరదు. పక్కనున్న చేతిరుమాలు వారివైపు జరుపుతాను. కాకపోతే అది సరిగ్గా వారివైపే వెళ్లిందో లేదో హామీ ఇవ్వలేను.

అడ్డుప్రశ్న:
నేను ఏడుస్తున్నప్పుడు ఎవరూ పలకరించకపోతేనే నాకు ఇష్టం. నీళ్లు కూడా వద్దు.

వానాకాలం:
మరి మీరు వద్దనేవారని ఎదుటివారికి ఎలా తెలుస్తుంది, అడగకపోతే?

అడ్డుప్రశ్న:
అడగండి, వద్దంటాను. అడిగినందుకు కోపం రాదు. అంతవరకే ఒప్పుకుంటాను.